కంద కాదు

లాలాగూడలో రైల్వే క్వార్టరు ఖాళీ చేస్తూ
మోజెస్ రత్నం గారు గోనెపట్టాలో చుట్టి ఇచ్చారు.
"ఆకులుంటే ఫెర్న్ అనుకుంటారు. కాదు.
ఆకుల్లేకపోతే చచ్చిందనుకుంటారు. అదీ కాదు.
స్టాంజీరియా. నీళ్లు తక్కువ పొయ్యి."
ముప్పై ఏళ్లు సిగ్నల్ కేబిన్లో కూర్చున్న మనిషి,
అవసరమైనంతే ఊపుతారు పచ్చజెండా.

సీతాఫల్‌మండిలో నాది ఒక గది, ఒక కిటికీ.
ఎదురింటి నీళ్ల ట్యాంకుకు తగిలి
ఇటు వాలే వెలుతురే తప్ప ఎండ రాదు.
మొరం రజను, ఇటుక ముక్కలు,
పార్కులో మాలీని బతిమాలి తెచ్చిన ఆకుల ఎరువు కలిపి
పొడుగాటి కుండీలో దించాను.
వేరు ముల్లంగిలా లోతుకు పోతుందట.

ఉన్న రెండాకులూ ఆషాఢంలో పండి రాలాయి.
తర్వాత ఏమీ లేదు.
దసరాకి ఏమీ లేదు.
ఒకట్రెండు సార్లు గోటితో గీకి చూశాను, తప్పే,
లోపల లేతగా తడి తగిలితే
ఆ వేలు ముడిచి పట్టుకుని పడుకున్నాను.

స్కానింగ్ సెంటర్లో రోజుకు అరవై ఛాతీలు తీస్తాను.
చల్లటి పలకకు ఆనించి,
"గాలి పీల్చండి. బిగపట్టండి."
గాజు వెనక్కి వెళ్తాను. బీప్.
"వదలండి."
ఎప్పుడైనా ఫోనొచ్చి వదలమనడం మర్చిపోతే
ముసలివాళ్లు అట్లాగే నిలబడి ఉంటారు,
భుజాలు పైకెత్తి, నా మాట కోసం.
ఇంటికొచ్చి కుండీ ముందు కూర్చుంటే అదే వాలకం.
దీన్ని బిగపట్టమన్నది ఎవరో,
గాజు వెనకాల ఏ ఫోన్లో ఉన్నారో.

నాకు నైట్ డ్యూటీ ఉన్న రోజు
మోటరు వేయడానికొచ్చిన ఓనరు బాలామణమ్మ
మట్టిలో గోధుమరంగు బుడిపె చూసి సగం తవ్వింది.
"కంద వెట్టినవ్ గదా బిడ్డా, ఊరిందేమోనని జూసిన.
చింతపండేసి పులుసు వెడితె మస్తుంటది."
కత్తిపీట అప్పటికే గడప దాకా వచ్చింది.
"అది విషం అత్తమ్మా, తింటే లివర్ పోతది!"
మూడుసార్లు సబ్బుతో చేతులు కడుక్కుంది.
"నా ఇంట్ల విషాన్ని కిరాయికి వెట్టినవా?"
నెల్లాళ్లు మాటల్లేవు.
ఆ తర్వాత రోజూ మెట్ల మీద అదే పలకరింపు:
"ఎట్లున్నది నీ విషం?"

మాఘంలో రత్నం గారు వచ్చారు, చీటీ పట్టుకుని.
చొక్కా విప్పి మడతపెట్టి,
నేను చెప్పకముందే పలకను కౌగిలించుకుని
"వేసిందా?" అన్నారు.
"లేదండీ. పీల్చండి. బిగపట్టండి."
బీప్.
తెర మీద కనపడింది నేను చెప్పకూడదు,
అది డాక్టరు చెప్పాలి.
"వదలండి" అన్నాను, మామూలు కన్నా నెమ్మదిగా.
చొక్కా గుండీలు పెట్టుకుంటూ
"మరీ దాని మొహంలోకి చూడకు" అన్నారాయన.

మే నెల, రాత్రి తొమ్మిది, కరెంటు లేదు.
చెమటకు నిద్రపట్టక టార్చి వేస్తే
బుడిపె నడినెత్తిన
మెడ వంచుకుని, బూడిదరంగు నూగుతో,
చూపుడువేలంత.
లోపల ఆకంతా మడిచిపెట్టి ఉంది.
ఎప్పుడో సీమలో పండితులు దీన్ని ఫెర్న్ అని రాసేసుకుని
ఏళ్ల తర్వాత అది కంకి వేస్తే తెల్లబోయారట.
రాసుకున్నది కొట్టేసేవాళ్ల మొహాలు ఊహించి
చీకట్లో ఒక్కదాన్నే నవ్వాను.

ఫొటో తీసి రత్నం గారికి పంపాను.
ఒక టిక్కు పడింది.

బాలామణమ్మ కొవ్వొత్తితో వచ్చి వంగి చూసి
"గింతదానికి ఏడాదా?" అంది.
కాసేపాగి, కొవ్వొత్తి కొంచెం వెనక్కి జరిపింది,
వేడి తగులుతుందని.

కరెంటొచ్చింది. ఫ్యాను తిరిగింది.
ఆ మెడ కొద్దిగా వణికితే
కుండీని గాలికి దూరంగా మూలకు లాగాను.
లేచి చూస్తే
ఇంకా ఒకటే టిక్కు.